‘నా కుటుంబం’: మూడు నిమిషాలు

అరిస్ స్టేషన్లో ముప్పై నాలుగేళ్ళు మైకు ముందు కూర్చున్న మనిషి ఉల్మెకెన్. ఏ బండి ఎన్నో లైను మీదికి వస్తోందో, ఎంత ఆలస్యమో కజక్‌లో ఒకసారి, రష్యన్‌లో ఒకసారి చెప్పేది. ఊళ్ళో పిల్లలు ఆవిడ గొంతు విని బడికి బయల్దేరేవారు, తాగుబోతులు ఆవిడ గొంతు విని ఇంటిదారి పట్టేవారు. మూడేళ్ళ కిందట రైల్వేవాళ్ళు ఆ పని యంత్రానికి అప్పగించి, ఆవిడ భుజాల మీద ఒక కుట్టుపని అంగీ కప్పి, చప్పట్లు కొట్టి పంపించేశారు. ఉద్యోగం తీసుకున్నారు గానీ గొంతునేం చేయగలరు? ఆ గొంతంతా ఇప్పుడు ఇంట్లో పదకొండేళ్ళ ఇన్జు మీద పడింది.

“ఇంకోసారి! గట్టిగా! ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ ముసలాయనక్కూడా వినపడాలి!”

“పరీక్షలో ముసలాయన ఉండడమ్మా. ముగ్గురు మేడమ్‌లు ఉంటారట.”

“అయితే మూడింతలు గట్టిగా చెప్పు.”

పరీక్షంటే షింకెంట్‌లో ఉన్న ఒక పెద్ద బడిలో చేరడానికి పెట్టే పరీక్ష. ఏడో తరగతిలోకి నలభై మందిని తీసుకుంటారు, పన్నెండు వందల మంది రాస్తారు. లెక్కలూ, ఇంగ్లీషు రాతపరీక్షా మార్చిలోనే అయిపోయాయి. ఇన్జు రెండూ గట్టెక్కింది. మిగిలింది ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒక్కటే. మూడు నిమిషాలు తన గురించీ తన కుటుంబం గురించీ చెప్పాలి. ఆ తర్వాత వాళ్ళు ఏదడిగితే దానికి జవాబివ్వాలి. అది ఏప్రిల్ రెండో ఆదివారం.

ఉల్మెకెన్‌కి ఇంగ్లీషు ముక్క రాదు. రాకపోతేనేం, పాఠం ఒప్పజెప్పించుకోవడం రాదా? ఇంగ్లీషు మాటల్ని మన అక్షరాల్లో రాయించుకుని, ఆ కాగితం ముందు పెట్టుకుని, ఒక చేతివేలు అక్షరాల మీద నడిపిస్తూ, రెండో చేతిలో చెక్కగరిటె పట్టుకుని కూర్చునేది. పిల్ల ఒక్క శబ్దం మింగిందా, గరిటె బల్ల మీద ఠకీమని మోగేది. మొదట్లో ఇంగ్లీషు చెప్పే ఎర్‌సుల్తాన్ మాస్టారు బెదిరిపోయాడు. “పిన్నిగారూ, పిల్ల ఇంగ్లీషు మాట్లాడుతుంటే బండి వస్తోందేమోనని లేచి నిలబడాలనిపిస్తోంది” అన్నాడు. “నిలబడు, నీ కాళ్ళకీ మంచిది” అంది ఆవిడ.

ఇన్జు ఆవిడ కన్న బిడ్డ కాదు. కొడుకు మక్సత్ తొలిచూలు బిడ్డ. తొలి బిడ్డ తాతా నాయనమ్మలదేనని మా వైపు ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాలు మాన్పించిన వారానికి ఉల్మెకెన్ భర్త తొలెగెన్ షింకెంట్ వెళ్ళి, కొత్త దుప్పట్లో చుట్టి పిల్లని ఎత్తుకొచ్చాడు. కోడలు జనెర్కెకి అప్పటికి ఇరవై మూడేళ్ళు. బిడ్డని చేతికి అందించి, “దీపం తీసేస్తే ఏడుస్తుంది మామయ్యా” అని మాత్రం అందట. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయిందట.

అప్పట్నుంచీ ఇన్జుకి ఉల్మెకెన్ అమ్మ. నాలుగేళ్ళ కిందట పోయిన తొలెగెన్ నాన్న. మక్సత్ అన్నయ్య, జనెర్కె వదిన, ఆ తర్వాత వాళ్ళకి పుట్టిన ఆరేళ్ళ అల్దియార్ మేనల్లుడు. పండగలకి వాళ్ళు అరిస్ వచ్చినప్పుడు జనెర్కె అందరికీ టీ పోసినట్టే ఇన్జుకీ పోసేది. పెద్దవాళ్ళ ఎదుట కన్నబిడ్డని దగ్గరికి తీసుకోవడం మర్యాద కాదు. పెంచుతున్న పెద్దవాళ్ళ ఎదుటైతే అసలే కాదు. జనెర్కె మర్యాద తెలిసిన పిల్ల. ఈ పదేళ్ళలో ఇన్జు తల మీద ఆమె చెయ్యి పడటం ఉల్మెకెన్ ఒక్కసారీ చూడలేదు. చూడలేదు కాబట్టి ఆ చెయ్యికి ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మాలో మాత్రం ఎవరం ఆలోచించాం గనక!

పరీక్షకి పన్నెండు రోజులుందనగా ఎర్‌సుల్తాన్ మాస్టారు వచ్చాడు. కూర్చున్నాడు గానీ టీ గిన్నె ముట్టుకోలేదు. అప్పుడే ఉల్మెకెన్ అనుమానపడింది.

“పిల్ల తన కుటుంబం గురించి రాసుకొచ్చింది పిన్నిగారూ. ఒక్క తప్పు లేదు. చిక్కు కూడా అక్కడే వచ్చింది.”

“తప్పు లేకపోతే చిక్కేంటయ్యా? తిన్నగా మాట్లాడు.”

మాస్టారు కాగితం తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన మాటల్లో చదివాడు. “నా పేరు ఇన్జు. మా అమ్మకి అరవై మూడేళ్ళు. మా నాన్న రైలు చక్రాలు పరీక్ష చేసేవాడు, చనిపోయాడు. నాకు ఒక అన్నయ్య, ముప్పై ఆరేళ్ళు. మా వదిన నర్సు. నాకో మేనల్లుడు ఉన్నాడు, వాడు నా పెన్సిళ్ళన్నీ విరిచేస్తాడు.”

“సరిగ్గానే ఉందిగా. విరిచేస్తాడు కూడా, వాడి అల్లరి మండ!”

“వాళ్ళ ముందు పిల్ల జనన పత్రం ఉంటుంది పిన్నిగారూ. అందులో నాన్న మక్సత్, అమ్మ జనెర్కె. పిల్లేమో నాన్నని అన్నయ్య అంటుంది, పోయిన తాతని నాన్న అంటుంది. ముగ్గురిలో ఒకావిడ పరదేశం మనిషట. ఆవిడకి మన సంగతులేం తెలుసు? ఫాదర్‌కీ బ్రదర్‌కీ తేడా తెలీని పిల్ల బట్టీ పట్టి వచ్చిందనుకుంటుంది. పోయినేడు డిపో వీధి పిల్లాడొకడు ఇలాగే ఇద్దరమ్మలని చెప్పి, మార్కులు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు.”

“మిగతా ఇద్దరూ మనవాళ్ళేగా? నోట్లో నాలుక లేదా, చెప్పరూ?”

“చెప్తే మంచిదే. చెప్పకపోతే?”

“అంటే మా పిల్ల చేత అబద్ధం చెప్పించమంటావా?” ఉల్మెకెన్ ఒంటికాలి మీద లేచింది. “అన్నని పట్టుకుని నాన్న అనమంటావా?”

మాస్టారు పళ్ళెంలోంచి నూనెలో వేయించిన బౌర్సాక్ ఉండ ఒకటి తీసి వేళ్ళతో దొర్లించాడు గానీ తినలేదు. “ఇది అబద్ధం కాదు కదా పిన్నిగారూ” అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ టీ చల్లార్చేశావంటూ ఆయన్నే కేకలేసి, గిన్నె పుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. ఇన్జుకి అసలు సంగతి తెలుసో తెలీదో ఆవిడకి తెలీదు. తను ఎప్పుడూ చెప్పలేదు, పిల్ల ఎప్పుడూ అడగలేదు. ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతి పిల్ల చెవిన పడకుండా ఉంటుందా అని ఒక పూట అనుకునేది. మా ఊరివాళ్ళు మర్యాదస్తులు, పిల్లల ముందు నోరు జారరు అని ఇంకో పూట అనుకునేది. దుమ్ముగాలి వీస్తున్న రోజున కిటికీలు కడిగింది. ఉన్న రెండు తివాచీలూ కంచె మీద వేసి వారంలో మూడుసార్లు బాదింది.

“ఏమే, పెళ్ళివారొస్తున్నారా?” పక్కింటి బాల్‌షెకెర్ గోడమీంచి తొంగిచూసింది. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. “ఆ తివాచీ ఏం పాపం చేసింది, చంపేస్తున్నావు?”

“నీ పని నువ్వు చూసుకో.”

“చెప్పెయ్యవే పిల్లకి. ఊరికంతా తెలిసిందేగా.”

“ఊరికి తెలిస్తే, ఊరొచ్చి పరీక్ష రాస్తుందా?”

“నిన్నెవరు వెళ్ళమన్నారే ఆ పరీక్ష జోలికి? ఇక్కడి బడిలో చదువు లేదా?”

నిజమే, ఆ జోలికి వెళ్ళింది తనే. మక్సత్ అడగలేదు, జనెర్కె నోరే విప్పలేదు. ఇన్జుకి చదువు మీద ఉన్న యావ చూసి, ఈ దుమ్ములో బండ్ల పేర్లు చదువుకుంటూ పడి ఉండటానికా ఇది పుట్టిందని, మాస్టారి వెంటపడి, దరఖాస్తు పెట్టించింది తనే. సీటొస్తే ఆ బడికి హాస్టల్ లేదు, షింకెంట్‌లో మక్సత్ ఇంట్లో ఉండి చదువుకోవాలని మొదటే తెలుసు. అప్పుడు అదేమంత పెద్ద సంగతి అనిపించలేదు. అన్నయ్యగారింట్లో ఉండి చదువుకునే ఆడపిల్లలు లోకంలో ఎంతమంది లేరు! శనివారం శనివారం బండెక్కి వచ్చేస్తుంది అనుకుంది.

ఇప్పుడు లెక్క మారిపోయింది. అన్నగారింటికి వెళ్ళిన పిల్ల అమ్మ దగ్గరికి తిరిగొస్తుంది. అమ్మానాన్నల ఇంటికి వెళ్ళిన పిల్ల ఎక్కడికి తిరిగొస్తుంది, ఎందుకు తిరిగొస్తుంది? ఇదీ ఆవిడ బెంగ. పైకి మాత్రం పరీక్ష బెంగ అని చెప్పుకునేది.

ఒకరోజు మాస్టారి ఇంటికే వెళ్ళి, “కుటుంబం గొడవ వదిలేసి గొర్రెల గురించి చెప్పకూడదూ? మా పిల్లకి గొర్రెల గురించి బోలెడు తెలుసు” అంది. గొర్రెల గురించి ఎవరూ అడగరు పిన్నిగారూ అన్నాడాయన. అడగకపోతే వాళ్ళకే నష్టం అని విసవిసా వచ్చేసింది. ఆ సాయంత్రం కొడుక్కి ఫోను చేసింది.

“నువ్వెలా అంటే అలానే అమ్మా” అన్నాడు మక్సత్.

“నేనెలా అంటే అలా అయితే నీకు ఫోనెందుకు చేస్తాన్రా, గోడకి చెప్పుకోనూ?”

అతను కాసేపు నసిగి, ఫోను పెళ్ళాం చేతికిచ్చేశాడు. కష్టమొచ్చినప్పుడల్లా వాడు చేసే పనే అది.

“అత్తయ్యా, బాగున్నారా? మోకాళ్ళెలా ఉన్నాయి?”

“మోకాళ్ళకేం, చోటు మారలేదు. చూడమ్మాయ్, పరీక్షలో పిల్ల పత్రంలో ఉన్నట్టే చెప్పాలట. అమ్మ ఎవరంటే… నీ పేరు చెప్పాలట.”

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత జనెర్కె గొంతు వినిపించింది. “మీకెలా సబబనిపిస్తే అలాగే అత్తయ్యా.”

గొంతు మామూలుగానే ఉంది. అదే ఉల్మెకెన్‌కి ఒళ్ళు మండించింది. సంతోషపడితే నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేది. ఏడిస్తే ఓదార్చేది. ఏదీ కాకుండా అత్తయ్యా అత్తయ్యా అంటే ఏం చెయ్యాలి? ఫోను పెట్టేసి పొయ్యి తోమింది.

పరీక్షకి ఇంక ఐదు రోజులు. మంగళవారం మధ్యాహ్నం ఇన్జు బడి నుంచి వచ్చేసరికి ఉల్మెకెన్ సేమ్యా కోసం పిండి పిసుకుతోంది.

“ఇన్జూ, కూర్చో.”

“కూర్చున్నానుగా అమ్మా.”

“అయితే లే. లేదులే, కూర్చో.” ఆవిడ పిండి ముద్దని అటు తిప్పింది, ఇటు తిప్పింది. “పరీక్షలో నాన్న పేరడిగితే మక్సత్ అని చెప్పాలి.”

“సరే.”

“అమ్మ పేరడిగితే…”

ముప్పై నాలుగేళ్ళు మైకులో ఒక్కసారీ తడబడని గొంతు. ఇప్పుడు పెగల్లేదు.

“జనెర్కె” అంది ఇన్జు.

ఉల్మెకెన్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. “నీకెవరు చెప్పారు?”

“ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బాల్‌షెకెరత్త మనవరాలు చెప్పింది. పెన్సిల్ డబ్బా కోసం కొట్టుకున్నాం అప్పుడు.”

“అంటే ఐదేళ్ళబట్టీ తెలుసా? నాతో అనలేదేం?”

“నువ్వు అనలేదుగా. నీకిష్టం లేదేమోనని ఊరుకున్నా.”

ఇంత చిన్నది ఐదేళ్ళు తనని కాపాడుకుంటూ వచ్చిందని అర్థమయ్యేసరికి ఉల్మెకెన్‌కి సిగ్గేసింది. సిగ్గేస్తే ఆవిడకి కోపం వస్తుంది. పిండి మీద రెండు గుద్దులు గుద్ది, పక్కింటి మనవరాలి నోరు ఎంత పెద్దదో, ఆ నోటికి తాళం వెయ్యని బాల్‌షెకెర్ ఎలాంటిదో ఏకరువు పెట్టింది. ఇన్జు అంతా అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుంది.

“అమ్మా, ఇంగ్లీషులో చెప్పమంటే చెప్తాను. మన మాటల్లో మాత్రం వదినని అలా పిలవను.”

“ఎందుకని? నాకేం కోపం రాదు.” వస్తుందని ఇద్దరికీ తెలుసు.

“అందుక్కాదు. పిలిస్తే తను పలుకుతుందో లేదో నాకు తెలీదు.”

ఉల్మెకెన్ పిండంటిన చేతులతోనే పిల్ల ముఖం పట్టుకుని, “నా గుర్రప్పిల్లా” అంది ముద్దుగా. బుగ్గల మీద తెల్లగా వేలిముద్రలు పడ్డాయి.

ఆ సాయంత్రమే కొత్త కాగితం తయారైంది. మాస్టారు ఇంగ్లీషు రాసిచ్చాడు, ఇన్జు దాన్ని మన అక్షరాల్లోకి మార్చింది. పరీక్ష చేసేవాళ్ళలా ప్రశ్న అడగడానికి మనిషి కావాలి కాబట్టి ఉల్మెకెన్ అరవై మూడేళ్ళ వయసులో తన మొదటి ఇంగ్లీషు వాక్యం నేర్చుకుంది. “హూ ఈజ్ యువర్ మదర్?”

“మై మదర్ ఈజ్ జనెర్కె” అనేది ఇన్జు, చాపకేసి చూస్తూ, గొణుగుతున్నట్టు.

గరిటె మోగింది. “గట్టిగా!” అంది ఉల్మెకెన్.

చేతులారా తెచ్చిపెట్టుకున్న బాధంటే ఇదే. రోజుకి పదిసార్లు తన నోటితో తనే అడగాలి, తన చెవులతో తనే వినాలి. ఆ పేరు పిల్ల నోట్లో నలిగిపోతే పరీక్ష పోతుందని భయం, ఖణీమని మోగితే గుండెల్లో పొడిచినట్టు బాధ. మధ్యలో లేచి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా మూత తీసి చూసి వచ్చేది. అయినా మానలేదు. చేసే పని సగంలో వదిలేసే మనిషి కాదావిడ. గురువారానికి ఆ వాక్యం తడబాటు లేకుండా వచ్చేసింది. శనివారం బాల్‌షెకెర్ గోడకి అవతల్నుంచి, “మాక్కూడా వచ్చేసిందే, ఇక ఆపండి!” అని అరిచింది.

ఆదివారం తెల్లవారుజామునే బండెక్కారు. మక్సత్ కారు తెస్తానన్నాడు గానీ, కార్లు ఆలస్యం చేస్తాయని ఉల్మెకెన్ ఒప్పుకోలేదు. గంటన్నర ప్రయాణంలో ఇన్జు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఉల్మెకెన్ ఆ కాగితం నాలుగుసార్లు మడిచి, నాలుగుసార్లు విప్పి, ఎండుపెరుగు ఉండలు తినమని పిల్లని పోరి, వద్దంటే తనే నమిలింది.

“అమ్మా, సీటొస్తే నేనక్కడే ఉండిపోవాలా?”

“ముందు రానీ. అప్పుడు చూద్దాం.”

“నువ్వు రమ్మంటే వచ్చేస్తా.”

“ఛ, నోర్ముయ్. పాఠం చెప్పుకో.”

బడి గేటు దగ్గర జనం. మక్సత్, జనెర్కె, అల్దియార్ అప్పటికే వచ్చి ఉన్నారు. జనెర్కె వంగి అత్తగారిని పలకరించింది, ఇన్జుకేసి చూసి నవ్వింది, అంతే. గేటు దగ్గర జాబితా పట్టుకున్న మనిషి పత్రాలు చూసి, “లోపలికి పిల్లతో ఒక్కరే. తల్లి గానీ తండ్రి గానీ. నాయనమ్మా, మీరు అలా బెంచీ మీద కూర్చోండి” అన్నాడు.

నాయనమ్మ ఎవర్రా అని ఉల్మెకెన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పత్రం అతని చేతిలో ఉంది. మింగేసింది. మక్సత్ నేల చూపులు చూస్తున్నాడు. జనెర్కె అత్తగారి ముఖంలోకి చూస్తోంది, అనుమతి కోసం.

“నన్ను చూస్తావేం? వెళ్ళు, దాన్ని తీసుకెళ్ళు!”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఇన్జు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఉల్మెకెన్ బెంచీ మీద కూర్చోలేదు. ఇనుప చువ్వల కంచె పొడవునా ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది.

“కూర్చోమ్మా, మోకాళ్ళు నొప్పెడతాయి” అన్నాడు మక్సత్.

“నేను కూర్చుంటే అక్కడ పరీక్ష తొందరగా అవుతుందా?”

“నాయనమ్మా, అత్త లోపలేం చేస్తోంది?” అన్నాడు అల్దియార్. సొంత అక్కే వాడికి అత్త.

“మాట్లాడుతోంది. నువ్వు మాట్లాడకు.”

నలభై నిమిషాలకి ఇన్జు గెంతుకుంటూ బయటికొచ్చింది. “అమ్మా! గట్టిగా చెప్పా! ఆ పరదేశపావిడ చెవి రుద్దుకుంది! అన్నీ అడిగారు, అన్నిటికీ చెప్పా!”

వెనకాల జనెర్కె వస్తోంది. ఆసుపత్రిలో ఎన్ని చావులు చూసినా చెదరని మనిషి, కోటు గుండీ ఒకటి పీకేసేలా మెలిపెడుతోంది. కళ్ళు ఉబ్బిపోయాయి.

“ఏమైందే? తప్పిందా?” ఉల్మెకెన్ గొంతుకి జనం ఇటు తిరిగారు.

“లేదత్తయ్యా. బాగా చెప్పింది. తలుపు తెరిచే ఉంది, నడవాలో కూర్చున్న నాక్కూడా అంతా వినపడింది.” గుండీ వదిలేసింది. “నాకు ఇంగ్లీషు రాదుగా. ఆ ఒక్క మాట అర్థమైంది.”

ఉల్మెకెన్ చేతిలోని కాగితాన్ని మళ్ళీ మడిచింది.

“మీరే నేర్పారా అత్తయ్యా ఆ మాట?”

“ఆఁ. రోజుకి పదిసార్లు చెప్పించాను.”

“పదిసార్లు” అంది జనెర్కె.

అంతే అంది. నిష్ఠూరంగా అనలేదు. పస్తున్న మనిషి పక్కింట్లో వండిన దాని గురించి విని అన్నట్టు అంది. ఐదు రోజులూ ఆ మాట వినలేక తను చచ్చిపోయింది. పదకొండేళ్ళలో జనెర్కె ఆ మాట ఒక్కసారే విన్నది, అదీ తలుపు అవతల్నుంచి, ఎవరిదో భాషలో, ఎవరికో చెప్తుంటే.

ఫలితాలు మే నెలలో వచ్చాయి, ఇన్జుకి సీటొచ్చింది. కానీ ఉల్మెకెన్ ఆ పిల్లని వదిలింది మే నెలలో కాదు, ఆ ఆదివారం మధ్యాహ్నమే.

మక్సత్ వాళ్ళది నాలుగో అంతస్తు. జనెర్కె ముందురోజే మాంసం ఉడికించి ఉంచింది. అందరూ కూర్చున్నారు, ఆమె నిలబడి వడ్డిస్తోంది. ఇన్జు ఉల్మెకెన్‌కి ఆనుకుని కూర్చుంది. జనెర్కె మెత్తటి ముక్క ఏరి ఇన్జు పళ్ళెంలో పెట్టింది. పెట్టిన చెయ్యి పిల్ల జుట్టు దాకా వెళ్ళి, అత్తగారు చూస్తున్నారని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి, టీ కూజా పట్టుకుంది. ఉల్మెకెన్ ఆ చెయ్యినే చూస్తోంది. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి అలాగే వెళ్ళి అలాగే వచ్చేదా? తను ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఉండేదా?

తను ఈ గదిలో ఉన్నంతసేపూ ఆ చెయ్యి అక్కడికి చేరదు. చేరనివ్వమని చెప్పినా చేరదు. ముట్టుకో అమ్మాయ్ అని అత్తగారు ఆజ్ఞాపిస్తే కోడలు సిగ్గుతో చస్తుంది. ఉన్న దారి ఒక్కటే.

ఆవిడ లేచి నిలబడింది. “నా బండి టైమైంది.”

“ఆరింటికి కదమ్మా బండి?” అన్నాడు మక్సత్.

“మూడింటికీ ఒకటుంది. బండ్ల సంగతి నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా?”

ఇన్జు గబగబా లేచి బూట్లు వెతుక్కుంటోంది. “నువ్వెక్కడికి? నువ్వుండు” అంది ఉల్మెకెన్. “వారం పోయాక మీ… మక్సత్ తెచ్చి దింపుతాడు.”

“రేపు బడి ఉందిగా అమ్మా!”

“పోతే పోయింది ఓ వారం బడి.”

జనెర్కె కూజా పట్టుకుని కొయ్యబారిపోయింది. “అత్తయ్యా, నేనేమైనా తప్పు…”

“నువ్వేం తప్పు చెయ్యలేదు. నీకు చెయ్యడం చేతనైతేగా!” అని కసిరి, ఉల్మెకెన్ గడప దగ్గర వంగి బూట్లు తొడుక్కుంది. ఇన్జు సాయానికి వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ పిల్ల చెవి దగ్గరికి నోరు తెచ్చి, తన జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత చిన్న గొంతుతో, “పిలిచి చూడు. పలుకుతుంది. నేనుండగా వద్దు, వెళ్ళాక పిలువు” అంది.

ఇన్జు ఆవిడ మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. విడిపించుకోవడానికి ఉల్మెకెన్‌కి రెండు చేతులూ కావలసి వచ్చాయి. స్టేషన్ దాకా వస్తానన్న మక్సత్‌ని తిట్టి లోపలికి తోసి, తలుపు తనే లాగి మూసింది.

మూశాక అక్కడే నిలబడింది. లోపల అల్దియార్ ఏదో వాగుతున్నాడు. తర్వాత వాడు కూడా ఆగిపోయాడు. ఉల్మెకెన్ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. కమ్మీ పట్టుకోకుండా, నొప్పి మోకాళ్ళతో, ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

రెండో అంతస్తులో ఎవరో ఆవిడ చెత్తబుట్టతో బయటికొచ్చి, ఈ పెద్దావిడని చూసి కంగారుపడింది. దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకుని ఒక చెయ్యి చెవి మీంచి లాగింది. “అయ్యయ్యో, ఏమైంది పెద్దమ్మా? తలనొప్పా? ఎవరినైనా పిలవనా?”

“వద్దు తల్లీ” అంది ఉల్మెకెన్. “పైన మా అమ్మాయి వాళ్ళమ్మని పిలుస్తోంది.”